సెర్న్ డేటా కావలికి చేరడానికి పదకొండు రోజులు పట్టింది: పెటాబైట్లను ఖండాలు ఎలా దాటిస్తున్నారు?

కావలి_ఫిజిక్స్ (ప్రశ్న)

సభ్యులందరికీ నమస్కారం. నేను కావలిలోని ఒక డిగ్రీ కళాశాలలో భౌతికశాస్త్రం బోధిస్తున్నాను. జెనీవాలోని కణ భౌతిక పరిశోధనా కేంద్రం సెర్న్ 2014 నుంచి అందరికీ ఉచితంగా తెరిచి ఉంచిన ఓపెన్ డేటాలో ప్రోటాన్లను ఢీకొట్టించి చూసే సీఎంఎస్ ప్రయోగానికి చెందిన కొంత భాగాన్ని, ఈ ఏడాది చివరి సంవత్సరం విద్యార్థుల ప్రాజెక్టు కోసం మా ల్యాబ్ సర్వరులోకి దించుకున్నాం. మొత్తం 1.1 టెరాబైట్లు. మా కళాశాలకు సెకనుకు 200 మెగాబిట్ల లైను ఉంది కనుక, సంక్రాంతి సెలవుల్లో లైను ఖాళీగా ఉన్నప్పుడు మొదలుపెడితే పన్నెండు పదమూడు గంటల్లో, ఎంత ఆలస్యమైనా ఒక పగలూ ఒక రాత్రీ గడిచేసరికి పూర్తవుతుందని కాగితం మీద లెక్క వేసుకుని మరీ మొదలుపెట్టాను. పదకొండు రోజులు పట్టింది. సెలవులు ముగిసి పిల్లలు తిరిగి వచ్చి కూర్చున్నా ఇంకా ఫైళ్లు దిగుతూనే ఉన్నాయి.

వేగం పగలైనా అర్ధరాత్రి అయినా సెకనుకు 9 మెగాబిట్ల దగ్గరే ఆగిపోయింది. లైను చెడిందేమోనని చెన్నైలోని ఒక సర్వరు నుంచి అంతే పెద్ద ఫైలును దించి చూస్తే 140 మెగాబిట్లు వచ్చింది. లైను ఇచ్చిన వాళ్లకు ఫోను చేస్తే వాళ్ల మనిషి వచ్చి, చెన్నైకి వేగం కొలిచి చూపించి, మా వైపు లోపమేమీ లేదు మేడమ్, అవతలి సర్వరే నెమ్మదిగా ఉంది అని చెప్పి వెళ్లిపోయాడు. పింగ్ చేస్తే చెన్నైకి వెళ్లి రావడానికి 10 మిల్లీసెకన్లు, జెనీవాకు 160 మిల్లీసెకన్లు చూపించింది.

ఆలస్యాన్నయినా భరించవచ్చు గానీ, ఆ తర్వాత జరిగినది నన్ను ఎక్కువ కలవరపెట్టింది. మధ్యలో రెండుసార్లు కరెంటు పోయి, యూపీఎస్ కూడా చాలించుకుంది. దించడం మళ్లీ మొదలుపెట్టాం, అన్ని ఫైళ్లూ వచ్చినట్టే కనిపించాయి. రెండు వారాల తర్వాత మా విద్యార్థిని ఒకమ్మాయి తన హిస్టోగ్రాములోని మొత్తం ఘటనల (ఒక్కో ఢీకొనడమూ ఒక ఘటన) సంఖ్యను సెర్న్ పోర్టల్‌లో రాసి ఉన్న సంఖ్యతో పోల్చి, లెక్క తక్కువ వస్తోందని నా దగ్గరకు తెచ్చింది. వెనక్కి వెళ్లి చూస్తే, ఈ ఫైళ్లను చదివే రూట్ సాఫ్ట్‌వేరు మూడు ఫైళ్లను తెరిచేటప్పుడు ఈ ఫైలును సరిగా ముగించినట్టు లేదు, దొరికినంత మేరకు తేరుకోవడానికి ప్రయత్నిస్తున్నాను అనే హెచ్చరికను ప్రతిసారీ ఇస్తూనే ఉంది. వందల పంక్తుల మధ్య ఆ ఒక్క పంక్తిని మేమెవరమూ చదవలేదు. ఆ పిల్ల లెక్క సరిచూడకపోయి ఉంటే, సగం తెగిన ఫైళ్లతోనే ప్రాజెక్టు నివేదికలు రాసేవాళ్లం.

ఒక్క టెరాబైటుకే మాకు ఇంత అయితే, అక్కడి ప్రయోగాల వాళ్లు వందల పెటాబైట్లను (ఒక్కోటీ వెయ్యి టెరాబైట్లు) దేశదేశాలకు ఎలా పంపుతున్నారు? ఒక్క బైటు కూడా చెడలేదని వాళ్లకు ఎలా తెలుస్తుంది? మా వేగానికి అడ్డు పడుతున్నది నిజంగా అవతలి సర్వరేనా? తెలిసినవాళ్లు వివరంగా రాయగలరని కోరుతున్నాను, ఎందుకంటే వచ్చే సంవత్సరం దీన్నే పాఠంగా చెప్పాలని ఉంది.

ఒంగోలు_నెట్‌వర్క్

మేడమ్ గారూ, మీరు ఇచ్చిన నాలుగు అంకెలే మీ ప్రశ్నకు సమాధానం చెబుతున్నాయి. అవతలి సర్వరు నెమ్మదిగా లేదు. లోపం మీ కళాశాల గేటుకూ మొదటి స్తంభానికీ మధ్యనే ఉందని నా అనుమానం. అది చెన్నై పరీక్షలో ఎందుకు కనబడలేదో చెబుతాను.

గాజు తీగలో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు ప్రయాణిస్తుంది. జెనీవా మన నుంచి సూటిగా కొలిచినా ఏడు వేల కిలోమీటర్ల పైమాటే, కేబులు దారి సూటిగా ఉండదు. మన దగ్గర నుంచి పడమటికి వెళ్లే సముద్ర కేబుళ్లలో చాలా వరకు అరేబియా సముద్రం, ఎర్ర సముద్రం, ఈజిప్టు, మధ్యధరా మీదుగా ఐరోపా చేరుతాయి. అందుకే రానుపోను 160 మిల్లీసెకన్లు. ఇది ఎంత డబ్బు పోసినా తగ్గేది కాదు.

ఇంటర్నెట్ మీద ఫైళ్లు పంపడానికి వాడే టీసీపీ పద్ధతిలో డేటా ప్యాకెట్లు అనే చిన్న ముక్కలుగా వెళ్తుంది. పంపేవాడు కొంత డేటాను పంపి, అందింది అన్న కబురు తిరిగి వచ్చే వరకు మిగిలినదాన్ని ఆపి ఉంచుతాడు. కబురు రాకముందే దారిలో ఎంత డేటా ఉండవచ్చో ఆ పరిమాణాన్ని విండో అంటాం. మీ 200 మెగాబిట్ల లైను జెనీవా దాకా నిండుగా పారాలంటే ఏ క్షణంలో చూసినా దారిలో 4 మెగాబైట్ల డేటా ఉండాలి. సెకనుకు 10 గిగాబిట్ల లైను అయితే అదే దూరానికి 200 మెగాబైట్లు దారిలోనే ఉండాలి. పాత పద్ధతిలో విండో 64 కిలోబైట్లకు మించేది కాదు, అది ఇప్పటికీ ఎక్కడైనా మిగిలి ఉంటే ఎంత వెడల్పు లైను ఉన్నా జెనీవా నుంచి మూడు మెగాబిట్ల పైన కాస్త మాత్రమే వస్తుంది. మీకు 9 వచ్చింది కనుక మీ సమస్య విండో కాదు, ప్యాకెట్లు పోవడం.

దారిలో ఒక్క ప్యాకెట్ పోయినా టీసీపీ దాన్ని రద్దీకి గుర్తుగా తీసుకుని వేగాన్ని బాగా తగ్గించి, మళ్లీ మెల్లగా పెంచుకుంటూ వస్తుంది. ఆ పెంచుకోవడం ప్రతి రానుపోను కబురుకు ఒక మెట్టు చొప్పున జరుగుతుంది. చెన్నై పది మిల్లీసెకన్ల దూరం కనుక ఆ మెట్లు చకచకా ఎక్కేస్తుంది, జెనీవా విషయంలో ఒక్కో మెట్టుకు పదహారు రెట్ల సమయం పడుతుంది, పైకి చేరేలోపే ఇంకో ప్యాకెట్ పోతుంది. ఈ లెక్కకు ఒక సూత్రం ఉంది: ఒక ధార (ఒకే టీసీపీ సంబంధం) వేగం ప్యాకెట్ పరిమాణానికి అనులోమంగానూ, రానుపోను కాలానికి విలోమంగానూ, పోయే నిష్పత్తి వర్గమూలానికి విలోమంగానూ ఉంటుంది. పది వేల ప్యాకెట్లలో ఒకటి పోతున్నదనుకుని వేసి చూడండి: 160 మిల్లీసెకన్లకు సెకనుకు 9 మెగాబిట్లు వస్తుంది, 10 మిల్లీసెకన్లకు 140 పైచిలుకు వస్తుంది. రెండు అంకెలూ మీరు కొలిచినవే. దూరాన్ని బట్టి కొన్ని కొత్త టీసీపీ రకాలు దీనికంటే కొంత మెరుగ్గా నడుస్తాయి గానీ, లోపం ఎక్కడుందో పట్టుకోవడానికి ఈ సూత్రం చాలు.

అందుకని పది వేలకు ఒకటి అనే ఆ నష్టం ఎక్కడ జరుగుతోందో వెతకాలి. నా అనుభవం ఒకటి చెబుతాను. చీమకుర్తి దగ్గర ఒక గ్రానైట్ క్వారీ ఆఫీసు నుంచి విదేశీ కొనుగోలుదారులకు రాళ్ల ఫొటోలు పంపడం రోజుల తరబడి సాగుతోందని పిలిస్తే వెళ్లాను. అక్కడా అదే మాట, చెన్నైకి బాగుంది, ఐరోపాకు లేదు. గోడకు బిగించిన, ఫైబర్ వెలుగును మామూలు తీగ సంకేతంగా మార్చే మీడియా కన్వర్టరు పెట్టె తెరిస్తే ఫైబర్ కనెక్టరు సగం బయటకు జారి ఉంది. మొనను సూక్ష్మదర్శినిలో చూస్తే మధ్యలో, కాంతి వెళ్లే ఆ తొమ్మిది మైక్రాన్ల చోటు పక్కనే, పిండిలాంటి రాతి దుమ్ము అతుక్కుని ఉంది. స్విచ్చులో సీఆర్‌సీ దోషాల (చెడిపోయి వచ్చిన ప్యాకెట్ల) అంకె నా కళ్ల ముందే ఒకటొకటిగా పెరుగుతోంది. తుడిచి సరిగా బిగించాక ఆ అంకె కదలడం మానేసింది.

మీరు కూడా ముందుగా మీ స్విచ్చులో ఆ దోషాల లెక్కను పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి రాసుకోండి. పెరుగుతుంటే కనెక్టరును తీయించి, నూగు రాలని తుడుపు గుడ్డతో, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిపించండి. వెలుగు కనబడటం లేదు కదా అని ఫైబర్ మొనను మాత్రం ఎవరూ కంటితో నేరుగా చూడకూడదు, అందులోని లేజరు కంటికి కనబడనిది, విద్యార్థులకు మరీ మరీ చెప్పండి. కన్వర్టరు ఒక వైపు ఫుల్ డ్యూప్లెక్స్ (ఏకకాలంలో రెండు దిశల్లోనూ పంపేది), ఇంకో వైపు హాఫ్ డ్యూప్లెక్స్ (ఒకసారికి ఒక దిశలోనే పంపేది) అయి ఉన్నా ఇదే లక్షణం కనిపిస్తుంది, అదీ చూసుకోండి. ఫైర్‌వాల్ పెట్టె కూడా ఒక అనుమానితుడే. పెద్ద పరిశోధనా సంస్థలు భారీ డేటా పంపే సర్వర్లను ఆఫీసు ఫైర్‌వాల్ వెనక పెట్టకుండా, నెట్‌వర్క్ ముఖద్వారం దగ్గరే వేరే భద్రతా నియమాలతో ఉంచేది అందుకే.

కోవూరు_వాసి

మాది కోవూరు. ముంబయిలో ఒక పరిశోధనా సంస్థ గ్రిడ్ (సెర్న్ డేటాను పంచుకునే కంప్యూటర్ కేంద్రాల వల) కేంద్రంలో కొన్నేళ్లు పనిచేశాను కనుక, పై సోదరుడు దారి గురించి చెప్పినదానికి మిగతా భాగం నేను చెబుతాను.

ఎల్‌హెచ్‌సీ అనేది సీఎంఎస్ లాంటి ప్రయోగాలు నడిచే సెర్న్ కణ త్వరణ యంత్రం, 27 కిలోమీటర్ల వలయం. అందులో ప్రోటాన్ గుత్తులు సెకనుకు 4 కోట్ల సార్లు ఎదురెదురుగా దాటుకుంటాయి. అదంతా ఎవరూ దాచలేరు. సీఎంఎస్‌లో మొదటి వడపోత ఎలక్ట్రానిక్ సర్క్యూట్ల స్థాయిలోనే సెకనుకు సుమారు లక్షకు తగ్గిస్తుంది, రెండోది కంప్యూటర్లలో నడిచి కొన్ని వందల నుంచి కొన్ని వేల ఘటనలను మాత్రమే మిగులుస్తుంది. అలా మిగిలినదే ఏడాదికి పదుల పెటాబైట్లు. 2017 జూన్‌లో సెర్న్ టేపుల మీద నిల్వ 200 పెటాబైట్లు దాటింది. 2023లో అక్కడి డిస్కుల సామర్థ్యమే ఒక ఎక్సాబైటుకు, అంటే వెయ్యి పెటాబైట్లకు చేరింది.

దీన్ని ఒక్కచోట ఉంచి లెక్కకట్టడం ఏ ఒక్క దేశానికీ సాధ్యం కాదని ముందే గ్రహించి, 1990ల చివరలోనే అంచెల ఏర్పాటును ఊహించారు. సెర్న్ సున్నా అంచె, దాని కింద పెద్ద జాతీయ కేంద్రాలు మొదటి అంచె, విశ్వవిద్యాలయాలూ ప్రయోగశాలలూ రెండో అంచె. ఇప్పుడు 40కి పైగా దేశాల్లో దాదాపు 170 కేంద్రాలు ఈ గ్రిడ్‌లో ఉన్నాయి. మన దేశంలో ముంబయిలోని టాటా మౌలిక పరిశోధనా సంస్థ సీఎంఎస్‌కూ, కోల్‌కతాలోని వీఈసీసీ అనే పరిశోధనా కేంద్రం, అక్కడి మరో ప్రయోగమైన ఆలిస్‌కూ రెండో అంచె కేంద్రాలు.

మన జిల్లాలో పుట్టినవాళ్లకు ఈ అంచెలు అర్థం చేసుకోవడం కష్టం కాదు. సోమశిలలో నిలిపిన నీరు కండలేరుకు, అక్కడి నుంచి కాలువ వెంట తమిళనాడు సరిహద్దు దాటి పూండికి చేరుతుంది. ఎక్కడికక్కడ నిల్వ ఉండబట్టే పైన వాన లేని నాడు కూడా కింద నీళ్లు ఉంటాయి. ఎల్‌హెచ్‌సీ డేటా కూడా అంతే, ముడి డేటా ఒక నకలు సెర్న్ టేపుల మీద, రెండో నకలు మొదటి అంచె కేంద్రాలన్నింటికీ పంచి వాళ్ల టేపుల మీద. కానీ తెలుగు గంగ ఒప్పందంలో 15 టీఎంసీలు వదిలితే దారిలో 3 టీఎంసీలు ఇంకిపోతాయని, 12 చేరితే చాలని ముందే రాసుకున్నారు. డేటాకు అలాంటి ఒప్పందం లేదు. ఒక్క బిట్టు తక్కువైనా ఆ ఫైలు మొత్తం పంపనట్టే లెక్క.

మొదట్లో ప్రతి రెండో అంచె కేంద్రం తన పై కేంద్రం నుంచే డేటా తీసుకోవాలని నియమం ఉండేది. నెట్‌వర్కులు అనుకున్నదానికంటే నమ్మకంగా నడవడంతో 2010 తర్వాత ఆ నియమాన్ని సడలించి, ఎక్కడున్న నకలును అక్కడి నుంచే తెచ్చుకునేలా మార్చారు. సున్నా అంచెకూ మొదటి అంచెకూ మధ్య ఎల్‌హెచ్‌సీ ఓపీఎన్ అనే ప్రత్యేక ఆప్టికల్ దారులు ఉన్నాయి, మిగిలిన కేంద్రాలను కలపడానికి ఎల్‌హెచ్‌సీ వన్ అనే ఉమ్మడి నెట్‌వర్క్ వచ్చింది. మన కేంద్రాలు నేషనల్ నాలెడ్జ్ నెట్‌వర్క్ ద్వారా ఆ లోకంలోకి చేరుతాయి.

ఈ దారుల మీద మనుషులు కూర్చుని ఫైళ్లు కాపీ చేయరు. సీఎంఎస్, అట్లాస్ ప్రయోగాల్లో రూసియో అనే వ్యవస్థ ఉంది. ఈ డేటాసెట్టుకు రెండు నకళ్లు ఉండాలి, ఒకటి ఫలానా ఖండంలో, ఫలానా తేదీ దాకా అని దానికి నియమం చెబితే, ఎక్కడి నుంచి ఎక్కడికి పంపాలో అదే తేల్చుకుంటుంది. పంపే పనిని ఎఫ్‌టీఎస్ అనే సేవకు అప్పగిస్తుంది. ఎఫ్‌టీఎస్ డేటాను తన చేతుల్లోకి తీసుకోదు, రెండు నిల్వ కేంద్రాలనూ మీరిద్దరూ నేరుగా ఇచ్చిపుచ్చుకోండి అని కలిపి, వరుస నడిపిస్తుంది. ఒక దారిలో విఫలమయ్యేవి పెరిగితే ఏకకాలంలో నడిచే బదిలీలను తగ్గిస్తుంది, సాఫీగా ఉంటే పెంచుతుంది. వరుస పెద్దదైనా ఫరవాలేదు, గుమిగూడి అందరూ ఆగిపోకూడదు అన్నది దాని పద్ధతి. పూర్వం ఒక్కో ఫైలును అనేక సమాంతర ధారలుగా చీల్చి పంపే గ్రిడ్ ఎఫ్‌టీపీ వాడేవాళ్లు. దానికి ఆధారమైన గ్లోబస్ టూల్‌కిట్‌ను దాని తయారీదారులు 2018లో విరమించాక, మెల్లగా అందరం హెచ్‌టీటీపీఎస్ వైపు మారాం. మీ బ్రౌజరు వాడే భాషే అది, అనుమతి చీటీలు మాత్రం వేరు.

ఇక మేడమ్ గారు అడిగిన ముఖ్యమైన ప్రశ్న, చెడలేదని ఎలా తెలుస్తుంది? ప్రతి ఫైలు పుట్టినప్పుడే దాని బైట్లన్నింటి నుంచి అడ్లర్-32 అనే చెక్‌సమ్‌ను, అంటే సరిచూసుకునే ఒక చిన్న సంఖ్యను లెక్కించి, రూసియో జాబితాలో పరిమాణంతో పాటు రాసి పెడతారు. అవతలికి చేరాక నిల్వ సర్వరు మళ్లీ లెక్కించి చెబుతుంది, రెండూ కలిస్తేనే బదిలీ జరిగినట్టు. టీసీపీలో కూడా చెక్‌సమ్ ఉంది కదా అని అడగవచ్చు. అది 16 బిట్లదే, పైగా ప్యాకెట్ దారిలో ఉన్నంత సేపే దాని కాపలా. డిస్కుకు రాసేటప్పుడూ, సర్వరు మెమరీలో ఉన్నప్పుడూ జరిగే పొరపాటును అది చూడలేదు.

దీని విలువ నాకు ఒక చేదు అనుభవంతో తెలిసింది. ఒక సమయంలో మాకు వచ్చే ఫైళ్లలో వెయ్యికి ఒకటో రెండో చెక్‌సమ్ కలవక తిరస్కారమయ్యేవి. మళ్లీ తెప్పిస్తే సరిగ్గా వచ్చేవి. దారిలోనే ఏదో లోపమని నమ్మి మూడు వారాలు అవతలి కేంద్రంతో ఉత్తరాలు నడిపాను, వాళ్లు ఓపికగా ప్రతిదీ పరీక్షించి పంపారు. చివరకు తిరస్కరించిన ఫైళ్లన్నింటినీ ఒక కాగితం మీద రాసి, పక్కన ఏ సర్వరు రాసిందో వేస్తే అన్నీ ఒకే సర్వరువి. దాని మెమరీ పలక ఒకటి చెడి, అప్పుడప్పుడూ ఒక బిట్టును తిప్పేస్తోంది. పలక మార్చాం. అవతలి వాళ్లకు క్షమాపణ రాశాను. ఆ చెక్‌సమ్ లేకపోతే ఆ ఫైళ్లు నిశ్శబ్దంగా విశ్లేషణలోకి వెళ్లిపోయేవి. మీ విద్యార్థిని చేసినది కూడా సరిగ్గా ఈ కాపలా పనే, ఆమెకు నా అభినందనలు చెప్పండి.

ముందున్న రోజులు ఇంకా భారీగా ఉంటాయి. ఈ దశాబ్దం చివర తర్వాత మొదలు కావలసిన హై ల్యూమినాసిటీ దశ (ఢీకొనే సంఖ్య బాగా పెరిగే దశ) కోసం 2021లో ఆ దశ అవసరంలో పది శాతం వేగంతోనూ, 2024 ఫిబ్రవరిలో ఇరవై ఐదు శాతం వేగం లక్ష్యంగానూ, ప్రపంచమంతా ఒకేసారి డేటా పంపి పరీక్ష పెట్టుకున్నారు. అలాంటి పరీక్షలో అందరికంటే ముందు చతికిలబడేది కేబులు కాదు, అనుమతి చీటీలు ఇచ్చే సర్వరో, వరుస నడిపే డేటాబేసో అయ్యే అవకాశం ఎక్కువ. అందుకే ఆ పరీక్షలు ముందుగానే జరగాలి.

కందుకూరు_ల్యాబ్

మాకూ ఇలాంటి ప్రాజెక్టు ఆలోచన ఉంది. ఇంత శ్రమ ఎందుకు, కావలి మేడమ్ గారు ఒకసారి దించుకున్నాక 4 టెరాబైట్ల డిస్కులో పెట్టి పంపితే సరిపోదా? గంటన్నరలో మా చేతికి వస్తుంది. లెక్క వేస్తే అది సెకనుకు దాదాపు 6 గిగాబిట్ల వేగం.

ఒంగోలు_నెట్‌వర్క్

ఆలోచన మంచిదే గానీ లెక్కలో సగం వదిలేశారు. మామూలు డిస్కు సెకనుకు 150 మెగాబైట్ల చొప్పున రాస్తుంది. 4 టెరాబైట్లు ఎక్కించడానికి ఏడున్నర గంటలు, మీ దగ్గర దించడానికి ఇంకో ఏడున్నర గంటలు. ప్రయాణంతో కలిపితే పదహారు గంటల పైన, అంటే సెకనుకు 540 మెగాబిట్లు. బస్సు వేగం లెక్కలోకే రాదు, ఎక్కించడం దించడమే అసలు పని. అయినా మన ఊళ్ల లైన్లకంటే అది మేలే.

పెద్దవాళ్లూ ఆ పని చేశారు. కృష్ణబిలం తొలి చిత్రాన్ని 2019 ఏప్రిల్‌లో విడుదల చేసిన ఈవెంట్ హొరైజన్ టెలిస్కోప్ బృందం, 2017 ఏప్రిల్‌లో సేకరించిన పెటాబైట్ల డేటాను డిస్కుల్లోనే విమానాల మీద తెప్పించుకుంది. దక్షిణ ధ్రువం డిస్కులైతే అక్కడి శీతాకాలం ముగిసి విమానాలు తిరిగే దాకా, అంటే ఆ ఏడాది చివరి దాకా ఆగవలసి వచ్చింది. ఒకసారి చేసే ప్రయోగానికి అది కుదురుతుంది. రాత్రీ పగలూ పారే ఎల్‌హెచ్‌సీకి కుదరదు.

ఉదయగిరి_పరిశోధక

మేడమ్, నమస్తే. మాది ఉదయగిరి, ప్రస్తుతం కణ భౌతికశాస్త్రంలో పీహెచ్‌డీ చేస్తున్నాను. పెద్దలు ఇద్దరూ డేటాను ఎలా తేవాలో చెప్పారు. నేను అసలు తేవాలా అని అడగదలచుకున్నాను.

సీఎంఎస్ తన ఘటనలను పలు సాంద్రతల్లో దాస్తుంది. ఏఓడీ అనే రూపంలో ఒక్కో ఘటనకు సుమారు 400 నుంచి 500 కిలోబైట్లు, మినీఏఓడీలో దాదాపు 50, నానోఏఓడీలో ఒకటి రెండు కిలోబైట్లు మాత్రమే. కోటి ఘటనలు మొదటి రూపంలో నాలుగైదు టెరాబైట్లు, చివరి రూపంలో పది ఇరవై గిగాబైట్లు. మీరు 1.1 టెరాబైట్లు దించారంటే బహుశా మొదటి రూపమే తీసుకున్నారు, అందులో మీ విద్యార్థులకు అక్కరలేని డిటెక్టరు వివరాలే ఎక్కువ. మేము కూడా సాధారణంగా డేటాను మా దగ్గరకు తెచ్చుకోం. డేటా ఏ కేంద్రంలో ఉంటే మా ప్రోగ్రామును అక్కడికి పంపి, గ్రాఫును వెనక్కి తెచ్చుకుంటాం. లేదా ఎక్స్‌రూట్‌డీ అనే సాఫ్ట్‌వేరు ద్వారా దూరంలో ఉన్న ఫైలును అక్కడే తెరిచి, మాకు కావలసిన నిలువు వరుసలను మాత్రమే చదువుకుంటాం.

మీ ప్రాజెక్టుకు నా సూచన, పోర్టల్‌లో 2012 నాటి డేటా నుంచి మ్యువాన్లను (ఎలక్ట్రాన్ లాంటివే, దానికంటే బరువైన కణాలు) మాత్రమే వడకట్టి ఉంచిన ఒకే ఒక్క ఫైలు ఉంది. అందులో 6 కోట్లకు పైగా ఘటనలు, పరిమాణం రెండు గిగాబైట్ల పైన కాస్త. వ్యతిరేక ఆవేశాలున్న రెండు మ్యువాన్లను ఎంచి వాటి ద్రవ్యరాశిని లెక్కకట్టి గీస్తే, 3.1 దగ్గర జే-సై, 9.5 దగ్గర ఉప్సిలాన్, 91 గిగా ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర జెడ్ బోసాన్ అనే కణాలు, ఒక్కొక్కటీ తన శిఖరంతో నిలబడతాయి. అడ్డు అక్షాన్ని లాగరిథమ్ స్కేలులో పెట్టమని చెప్పండి, లేకపోతే మొదటివి రెండూ ఎడమ అంచుకు నలిగిపోతాయి.

దించడానికి సెర్న్ ఓపెన్‌డేటా క్లయింట్ అనే చిన్న ప్రోగ్రాము ఉంది, అది ఫైళ్ల పరిమాణాన్నీ చెక్‌సమ్‌నూ పోర్టల్ జాబితాతో సరిచూసి కూడా పెడుతుంది. ఇప్పటికే దిగిన ఫైళ్ల మీదా నడపవచ్చు.

కావలి_ఫిజిక్స్

అందరికీ మనసారా కృతజ్ఞతలు. పది రోజుల్లో జరిగినది రాస్తున్నాను.

స్విచ్చులో దోషాల లెక్క పొద్దున 9 గంటలకూ సాయంత్రం 5 గంటలకూ రాయించాను, పెరుగుతూనే ఉంది. లైను ఇచ్చిన వాళ్లకు ఈసారి వేగం గురించి చెప్పకుండా, ఆ రెండు అంకెలు చూపించాను. వాళ్ల మనిషి మాట్లాడకుండా మెట్ల కింద ఉన్న పెట్టె తెరిచాడు. పెట్టె మూత ఏనాడో ఊడిపోయి, పక్క గదిలో నల్లబల్లలు దులిపిన సుద్ద పొడి లోపలంతా తెల్లగా పేరుకుని ఉంది. కనెక్టరు తుడిచి, మూత బిగించి, ఆ పెట్టెను గోడ మీద పైకి మార్పించాను. మరుసటి రోజు నుంచి లెక్క కదలలేదు. జెనీవా నుంచి ఒక్క ధారకు 85 మెగాబిట్లు వస్తోంది, మూడు ధారలు కలిపితే లైను నిండుతోంది.

పాత ఫైళ్లన్నింటి మీదా చెక్‌సమ్ పరీక్ష నడిపాం. రూట్ హెచ్చరిక ఇచ్చిన మూడింటితో పాటు నాలుగోది ఒకటి బయటపడింది. దాని పరిమాణం సరిగ్గా ఉంది, ఏ హెచ్చరికా లేదు, లోపల మాత్రం చెడి ఉంది. దాన్ని చూశాక కోవూరు వాసి గారి మాట పూర్తిగా అర్థమైంది. నాలుగింటినీ మళ్లీ దించి సరిచూసుకున్నాం.

మ్యువాన్ల ఫైలు రెండు నిమిషాల్లోపే దిగింది. నిన్న మధ్యాహ్నం ల్యాబ్‌లో గ్రాఫు గీశాం. 91 దగ్గర శిఖరం తెర మీదకు రాగానే, ఘటనల లెక్క తప్పని పట్టుకున్న ఆ అమ్మాయే లేచి, దాని పక్కన మొత్తం ఎన్ని ఘటనలో రాయమని అడిగింది. రాసి, పోర్టల్ సంఖ్యతో కలిపి చూశాకే కూర్చుంది.

కందుకూరు వారికి: డిస్కు సిద్ధం చేస్తున్నాను. దానికంటే ముందు ఫైళ్ల పేర్లు, పరిమాణాలు, చెక్‌సమ్‌ల జాబితాను మెయిల్‌లో పంపుతాను, డిస్కు అందాక అన్నీ కలిశాయో లేదో చూసి తెలియజేయండి.